మా తమ్ముడి తలలో చప్పుడు

రాత్రి తొమ్మిది గంటల పది నిమిషాలకు కరెంటు వచ్చింది.

అందులో విశేషం ఏమీ లేదు. ఎనభైల నడుమ సంగతి ఇది. అప్పట్లో బావుల మీది మోటర్లకు కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. రాగానే ఊళ్లో మగవాళ్లు టార్చిలైటు పట్టుకుని బయలుదేరేవాళ్లు. మా తమ్ముడు యాదగిరి కూడా లేచాడు. గొంగడి భుజాన వేసుకున్నాడు. "అక్కా, గడియ పెట్టకు. మడి పారంగనె వస్త" అన్నాడు. నేను గోడ గడియారం చూశాను. అందుకే సమయం గుర్తుంది.

నేను చెప్పబోయేది జరిగింది. నా కళ్ల ముందు జరిగింది. ప్రమాణం చేసి చెప్పమంటే మాత్రం చేయను. ఎందుకు చేయనో చివరికి మీకే తెలుస్తుంది. నా పేరు సుగుణ. మానుకోట బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. దయ్యాల పుస్తకాలు చాలా చదివాను. ఏ దయ్యాన్నీ నమ్మలేదు. యాదగిరి పోయి మొన్నటికి సంవత్సరీకం అయింది. మా అవ్వ, అంటే అమ్మ, అంతకు ముందే పోయింది. ఇక ఎవరి కోసం దాచాలి?

మా ఊరు మానుకోట నుంచి కురవి పోయే తోవలో ఉంది. ఇంటి వెనుక మెట్ట చెలక దాటితే బావి. ఆ బావి ఉమ్మడిది. సగం మాది, సగం మా పెదబాపు కొడుకు నర్సన్నది. ఒక రాత్రి మా వంతు, ఒక రాత్రి వాళ్ల వంతు. ఆ రాత్రి ఎవరి వంతు అన్నదే తగాదా. మాది అని మేమన్నాం. నడుమ ఒక రాత్రి కరెంటు రాలేదు కాబట్టి తనదే అని నర్సన్న పొద్దున్నే వచ్చి అరిచి పోయాడు.

యాదగిరి మోటరు వేశాడు. తర్వాత మా వైపు అందరూ చేసేదే చేశాడు. వంగి, ఇనుప పైపుకు చెవి ఆనించాడు. నీళ్లు ఎక్కుతుంటే పైపులో ఒక రొద పుడుతుంది. నీళ్లు కంటికి కనబడకముందే చెవికి తెలుస్తాయి. చెవి పైపుకు ఉంది. కళ్లు మూసుకున్నాడు. వెనుక నుంచి ఎవరో వచ్చారు. అడుగుల చప్పుడు వినే వీలు లేదు.

దెబ్బ తల పక్కన పడింది.

వరంగల్ దవాఖానలో చాలా రోజులు ఉంచారు. బతికాడు. ఎవరు కొట్టారో చూడలేదన్నాడు. నర్సన్నను అడిగితే, "నేను ఊళ్లనే లేను. జనగామ అంగడికి పోయిన, ఎడ్లు చూడనీకి" అన్నాడు. అంగడిలో అతణ్ని చూసినవాళ్లు ఎవరో చెప్పలేకపోయాడు. చూడలేదని గట్టిగా చెప్పినవాళ్లూ లేరు. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, పోయారు.

యాదగిరి ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు కుడి కన్ను ఎర్రబడింది. ఎర్రబడి ఉబ్బింది. ఉబ్బి... ముందుకు వచ్చింది. రెప్ప మూతపడేది కాదు. ఒకరోజు అన్నం తింటూ చేయి ఆపాడు.

"అక్కా, ఎవలన్న మోటరేసిండ్రా?"

"పట్టపగలు కరెంటేడిదిరా?"

"మరి రొద ఏంది?"

నాకేమీ వినిపించలేదు. వాడు తల పట్టుకున్నాడు. "ఈడ" అన్నాడు, కణత మీద వేలు పెట్టి. నేను వంగి వాడి కణతకు చెవి ఆనించాను.

ఉంది.

జూఁ... జూఁ... జూఁ...

దూరపు బావి మీద మోటరు ఆడుతున్నట్టు. కానీ ఆగి ఆగి. వాడి మణికట్టు పట్టుకుని చూశాను. నాడి కొట్టినప్పుడల్లా ఆ రొద. దగ్గర నుంచి చూస్తే కన్ను కూడా దానితోపాటే కొట్టుకుంటోంది. ఉబ్బిన ఎర్రటి కన్ను... కొద్దిగా లేస్తోంది, కొద్దిగా దిగుతోంది. మనిషి తలలోంచి వచ్చే చప్పుడు పక్కవాళ్లకు వినబడుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

యాదగిరి నవ్వడానికి చూశాడు. "నయమే అక్కా. నా తలకాయకే మోటరు బిగించిండ్రు. దీనికి వంతు లేదు, కరెంటు పోవుడు లేదు."

మళ్లీ వరంగల్ తీసుకుపోయాను. డాక్టరు రెప్పను వేలితో కిందికి లాగి పట్టి, దాని మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. కాగితం మీద గీసి చూపించాడు. మెదడుకు పోయే పెద్ద రక్తనాళం కంటి వెనుక చిరిగింది. దెబ్బకు లోపల ఎముక పగిలి ఉంటుంది. ఆ రక్తం పోవలసిన చోటికి పోకుండా, పక్కనున్న సిరలోకి దూకుతోంది. ఆ దూకుడే చప్పుడు. ఆ ఒత్తిడికే కన్ను ఉబ్బింది. "ఆలస్యం చేస్తే చూపు పోతుంది. మెదడులో రక్తం కారితే మనిషే పోతాడు. మద్రాసు తీసుకుపోండి. తల కోయకుండా చేసే పద్ధతి వచ్చింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపుతారు. దాని కొసన చిన్న బెలూన్ ఉంటుంది. చిరుగు దగ్గర దాన్ని ఉబ్బించి అక్కడే వదిలేస్తారు."

ఇంటికి వచ్చి అవ్వకు మా మాటల్లో చెప్పాను. "కాలువకు గండి పడ్డట్టు పడ్డదవ్వా. బుగ్గ పెట్టి గండి పూడుస్తరట."

అవ్వ వడ్లు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"పూడిస్తె సప్పుడు ఆగుతదా?"

"ఆగుతది."

"ఆగితె మరి గండి ఎవడు కొట్టిండో ఎట్ల తెలుస్తది?"

"అవ్వా, కన్ను పోతాంది వానికి."

"నాకు ఎరుక లేదానె? నేను కన్న కన్ను గాదా అది?" అప్పుడు చేట కింద పెట్టింది. "ఆ దెబ్బ ఇంక వాని తలకాయల్నే తిరుగుతాంది. కొట్టినోని పేరు చెప్పేదాంక తిరుగుతది. బుగ్గ పెట్టి దాని నోరు మూస్తె ఇగ ఎవడు ఒప్పుకుంటడు? నర్సిగాడు మీసం దువ్వుకుంట తిరుగుతడు. ముందు వాడు కురవి వీరన్న ముందట ప్రమాణం చెయ్యాలె. గప్పుడు పోండ్రి మద్రాసు."

మా వైపు కురవి వీరభద్రస్వామి దగ్గర అబద్ధపు ప్రమాణం చేయరు. కళ్లు పోతాయంటారు. యాదగిరి కన్ను చూసినవాళ్లు దేవుడి కన్నులా ఉందని దండం పెట్టి పోతున్నారు అప్పటికే.

అవ్వ ఊరికే కూర్చోలేదు. బావి దగ్గరికి పోయి ఫ్యూజులు పీకి తెచ్చింది. చెంగులో మూట కట్టి బియ్యం కుండలో దాచింది. "కొట్టినోడు దొరికేదాంక ఆ నీళ్లు ఎవలకూ పారొద్దు." మా వరి ఎండింది. నర్సన్న మిరప తోట కూడా వాడిపోతోంది. అతని భార్య వచ్చి ఏడ్చింది. అవ్వ ఆమెకు పీట వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, ఫ్యూజులు ఇవ్వలేదు.

నర్సన్న కురవికి రానన్నాడు. "తప్పు చెయ్యనోడు గుడి మెట్లెక్కి ప్రమాణం ఎందుకు జెయ్యాలె? రేపు ఎవని కోడి పోయినా నన్నే పిలుస్తరు" అన్నాడు. రోజులు గడుస్తున్నాయి. యాదగిరికి ఒక దీపం రెండుగా కనబడుతోంది. తర్వాత కుడి కంటికి దీపం పొగలాగా కనబడింది. ఇక ఆగలేక నేనే మద్రాసుకు టికెట్లు తెచ్చాను. అవ్వ వాకిట్లో అడ్డంగా కూర్చుంది. "నన్ను దాటి పొండ్రి."

చివరికి ఊరి పెద్దలు ఒక మాట కుదిర్చారు. గుడి వద్దు. యాదగిరి తల మీదనే ప్రమాణం. నర్సన్న తడిబట్టలతో రావాలి. రెండు చేతుల్లో వెలిగించిన కర్పూరం పట్టుకోవాలి. యాదగిరి కణతకు చెవి ఆనించి, కొట్టలేదని చెప్పాలి. అది అయిపోతే ఫ్యూజులు ఇచ్చేయాలి, మరునాడు మేము రైలెక్కాలి. కర్పూరం ఎంత ఉండాలి, పళ్లెం ఇత్తడిదా రాగిదా, ఎవరు ఏ పక్కన నిలబడాలి... అన్నీ మాట్లాడుకున్నారు. నర్సన్న ఒప్పుకున్నాడు. ఎండిపోతున్న తోట ఒప్పించింది. ఒకటే అడిగాడు. "పగటీలి వద్దు. నలుగురు చూస్తరు. రాత్రి వస్త."

ఆ రాత్రి...

అమావాస్య దగ్గర పడింది. గాలి లేదు. ఊరికి కరెంటు లేదు. యాదగిరి మంచం మీద పడుకున్నాడు. గొంగడి గొంతు దాకా కప్పుకున్నాడు. అవ్వ తల వైపు నేల మీద కూర్చుంది. నేను దీపం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. పెద్దలు ఇద్దరు అరుగు మీద ఉన్నారు, గడప దాటి రాలేదు.

నర్సన్న వచ్చాడు. తలమీంచి నీళ్లు పోసుకుని వచ్చాడు. ధోవతి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. టప్... టప్... పెద్ద మీసాల మనిషి. మీసాలు తడిసి నోటి మీదికి వాలాయి. నాకు ఎప్పుడూ అంత చిన్నగా కనబడలేదు.

"వచ్చినవా?" అంది అవ్వ.

"వచ్చిన చిన్నమ్మా."

"అంగడిల ఎడ్లు దొరికినయా?"

అతను పళ్లెం ముందుకు పట్టాడు. అవ్వ కర్పూరం వెలిగించింది. పళ్లెం అతని రెండు అరచేతుల్లో ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి. రెండు చేతులూ పళ్లెం కిందే ఉన్నాయి. నేను చూశాను.

అతను మంచం పక్కన మోకాళ్ల మీద వంగాడు. యాదగిరి అతన్ని ఎడమ కంటితో చూస్తున్నాడు. కుడి కన్ను ఎటూ చూడదు. ఊరికే కొట్టుకుంటుంది. దీపం దగ్గరికి తెచ్చాను. లేస్తోంది... దిగుతోంది. లేస్తోంది... దిగుతోంది.

నర్సన్న కణతకు చెవి ఆనించాడు.

ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. అంత దగ్గరగా అతను ఆ రొద వినడం అదే మొదలు. మళ్లీ ఆనించాడు.

"నేను..." పళ్లెం గట్టిగా పట్టాడు. "వీరన్న సాక్షి. నేను కొట్టలే."

కన్ను ఆగింది.

నేను దీపం ఇంకా దగ్గరికి తెచ్చాను. వేడి చమురు బొట్టు నా వేలి మీద పడింది. నేను కదలలేదు. కన్ను ఆగింది. ఎర్రటి గుడ్డు... బొమ్మకు పెట్టిన గాజు కన్నులాగా... అట్లాగే ఉండిపోయింది.

"అక్కా." యాదగిరి పెదవులు కదిలాయి. "ఆగింది."

ధోవతి నుంచి పడే నీటి బొట్లు తప్ప ఏ చప్పుడూ లేదు. టప్...

అప్పుడు ఇంటి వెనుక నుంచి వినబడింది.

జూఁ... జూఁ... జూఁ...

నర్సన్న తల ఎత్తాడు. అవ్వ నా వైపు చూసింది. అరుగు మీది పెద్దాయన లోపలికి తొంగిచూసి, "ఎవలు మోటరేసింది?" అన్నాడు.

ఫ్యూజులు బియ్యం కుండలో ఉన్నాయి. అవ్వ చేయి పెట్టి తడిమింది. బియ్యం నేల మీదికి జారాయి. మూట బయటికి తీసి చూపించింది. విప్పలేదు. విప్పనవసరం లేదు.

"మన మోటరే" అన్నాడు యాదగిరి, కళ్లు మూయకుండా. "మన పైపే. నాకు ఎరుక."

నర్సన్న పళ్లెం కింద పెట్టాడు. "నేను చూసొస్త" అన్నాడు. పెద్దలు కదల్లేదు. నేను లాంతరు తీసుకుని అతని వెనుక బయలుదేరాను. ఎందుకు పోయానని చాలామంది అడిగారు. అతను పారిపోతాడేమో అనుకున్నాను. అంతే.

చెలక గట్టు మీద నడిచాం. అతను ముందు, నేను వెనుక. తడి పంచె కాళ్లకు కొట్టుకుంటోంది. రొద దగ్గరవుతోంది. నేల ఎండి పర్రెలు బారింది, కాలి కింద పెళ్లలు విరుగుతున్నాయి. బావి గడ్డకు చేరేసరికి... రొద లేదు.

లాంతరు ఎత్తాను. ఫ్యూజు డబ్బా తలుపు తెరిచి ఉంది. లోపల ఖాళీ. నర్సన్న మోటరు మీద అరచెయ్యి పెట్టాడు. "సల్లగున్నది" అన్నాడు. నేనూ పెట్టాను. చల్లగా ఉంది. సాలీడు గూడు కూడా చెదరలేదు.

అప్పుడు అతను అలవాటుగా చేశాడో, కావాలని చేశాడో... వంగి పైపుకు చెవి ఆనించాడు.

సరిగ్గా అక్కడే. యాదగిరి వంగిన చోటే. అట్లాగే వంగి. కళ్లు మూసుకున్నాడు. ఆ బావికి గోడ లేదు. అతని కాళ్లకు మూరెడు దూరంలో నలుపు. నేను వెనుక ఉన్నాను. చెవి పైపుకు ఉన్నవాడికి వెనుక అడుగులు వినబడవు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నేను లాంతరు ఎడమ చేతిలోకి మార్చుకున్నాను.

నన్ను ఎరిగినవాళ్లను అడగండి. గట్టిగా మాట్లాడి ఎరుగను. ఆ క్షణంలో నా కుడి చేయి నాకంటే ముందు లేచింది. అతని తడి వీపు లాంతరు వెలుగులో మెరుస్తోంది. ఒక్క తోపు. రాత్రి, తడి కాళ్లు, గోడ లేని బావి. ఊళ్లో ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. నా తమ్ముడి కన్నుకు ఇతని ప్రాణం. అది కూడా తక్కువే అనిపించింది.

"సుగుణా" అన్నాడు. వెనక్కి తిరగలేదు. కళ్లు తెరవలేదు. "ఆ పొద్దు గూడ పైపు గిట్లనే అన్నది."

నా చేయి గాలిలో ఆగింది.

"ఏ పొద్దు?"

అతను చెవి పైపుకే ఉంచాడు.

"అన్నా, ఏ పొద్దు? నువ్వు జనగామల ఉంటివి గద. ఏ పొద్దు విన్నవు?"

అతను కళ్లు తెరిచాడు. "నువ్వు విను" అన్నాడు. జరిగి చోటిచ్చాడు.

నేను వంగాను. ఎందుకు వంగానో తెలియదు. ఇప్పుడు అతను నా వెనుక ఉన్నాడు. ఇనుము చెవికి చల్లగా తగిలింది. మొదట ఏమీ లేదు. తర్వాత... లోతు నుంచి... జూఁ... జూఁ... నీళ్లు ఎక్కే రొద కాదది. నీళ్లు ఎక్కితే తెంపు ఉండదు. ఇది ఆగి ఆగి వస్తోంది. నాడిలాగా. నాకు తెలిసిన నాడి. రోజుల తరబడి వాడి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టిన నాడి.

నేను ఎగిరి లేచాను. అతనూ రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం.

అదే క్షణంలో ఇంటి నుంచి అవ్వ కేక. "సుగుణా! మల్ల షురువైందే! సప్పుడు మల్ల షురువైంది!"

నర్సన్న ఆ రాత్రి మా ఇంటికి తిరిగి రాలేదు. చెలకకు అడ్డంబడి పోయాడు. తడి పంచె చీకట్లో కొంత దూరం తెల్లగా కనబడింది.

ఇంట్లో అవ్వ ముఖం నేను మరవలేను. ఎన్నో నెలల తర్వాత తల దువ్వుకుంటోంది. "చూసినవా? ప్రమాణం ఇరిగింది" అంది. "వాని నోట అబద్ధం పడంగనె సప్పుడు ఆగింది. దొరికిండు దొంగ. పోండ్రి ఇగ మద్రాసు. నా పని అయిపోయింది."

మరునాడు రైలెక్కాం.

మద్రాసు దవాఖానలో పెద్ద డాక్టరు తెలుగు బాగానే మాట్లాడాడు. పరీక్ష చేస్తూ నన్ను పిలిచాడు. స్టెతస్కోపు నా చెవులకు పెట్టాడు. రొద వినబడుతోంది. అతను యాదగిరి మెడ పక్కన రెండు వేళ్లతో నొక్కాడు. రొద ఆగింది. కన్ను ఆగింది. వేళ్లు తీశాడు. మళ్లీ మొదలు.

"కింద నొక్కితే పైకి రక్తం తగ్గుతుందమ్మా. ఇందులో భయపడేదేమీ లేదు. మీ తమ్ముడికి ఇది ముందే తెలుసు. రాత్రిళ్లు తనే నొక్కుకుని కాసేపు నిద్రపోతున్నాడట. అట్లా చేయొద్దని చెప్పాను."

స్టెతస్కోపు తీసి ఆయన చేతికి ఇచ్చాను.

ఆ సాయంత్రం వార్డులో అడిగాను. "తమ్మీ, ఆ రాత్రి గొంగడి కింద నీ చేతులు ఎక్కడున్నయి?"

వాడు కిటికీ వైపు తిరిగాడు.

"దీపం పట్టుకున్నది నువ్వే గదా అక్కా. నువ్వు చూడలేదా?"

"నేను కన్నునే చూసిన."

"అందరు కన్నునే చూస్తరు" అన్నాడు.

"చెప్పు. నువ్వు నొక్కుకున్నవా? నర్సన్నను చూసినవా ఆ పొద్దు? చూడకున్నా వాడే అనుకున్నవా?"

"నిద్రొస్తాంది" అన్నాడు. ఆ సంగతి మీద బతికినన్నాళ్లు ఇంకేమీ అనలేదు. నేనూ రెట్టించలేదు. సరే, వాడే నొక్కుకున్నాడనుకుందాం. మరి మోటరు? ఎక్కడో దూరాన ఎవరి బావి మీదో ఆడింది అనుకుందాం. ఊరికి కరెంటు లేకున్నా మోటర్ల లైనుకు ఉండేది. పైపులో రొద? గట్టిగా చెవి ఆనిస్తే మన నాడే మనకు వినబడుతుందని తర్వాత చదివాను. ఒక్కొక్కటి విడిగా చెప్పుకోవచ్చు. మూడూ ఒకే రాత్రి, ఒకదాని తర్వాత ఒకటి... ఎట్లా?

బెలూన్ పెట్టారు. యాదగిరికి మత్తు ఇవ్వలేదు, తొడ దగ్గర మాత్రం మొద్దుబారేలా సూది వేశారు. గొట్టం లోపల పైకి పోతుంటే ఏమీ తెలియలేదన్నాడు. ఉన్నట్టుండి తలలో రొద ఆగిపోయిందట. "ఊరు మొత్తం కరెంటు పోయినట్టుండెనక్కా" అన్నాడు. కొన్ని వారాలకు కన్ను లోపలికి పోయింది. ఎరుపు తగ్గింది. చూపు మాత్రం రాలేదు. ముందే వస్తే దక్కేదేమో అన్నాడు డాక్టరు. నేను తల వంచుకోలేదు. ఆలస్యం చేసింది మేము కాదు, దెబ్బ కొట్టినవాడు. అప్పుడు అట్లాగే అనుకున్నాను.

ఊళ్లో నర్సన్నతో మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. నిప్పు ఇవ్వలేదు, పెళ్లికి పిలవలేదు, కూలికి పోలేదు. అవ్వ ఫ్యూజులు తిరిగి ఇచ్చింది. కానీ అతను రాత్రిపూట బావి దగ్గరికి పోలేకపోయాడు. మిరప తోట నిలువునా ఎండింది. అవ్వ రోజూ పొద్దున గడపలో నిలబడి ఆ ఎండిన తోట చూసేది. నేనూ చూశాను. నాకు తృప్తిగా ఉండింది. ఒకరోజు అతను ఇల్లు తాళం వేసి భార్యతో భూపాలపల్లి దిక్కు పోయాడు. ఆమె అన్నదమ్ములు అక్కడ అడవి అంచున పొలం చేస్తారు.

కొన్నేళ్లకు అక్కడి నుంచి కబురు వచ్చింది. ఒక్కసారి రమ్మన్నాడు. చూడాలనిపించింది. ఏ స్థితిలో ఉన్నాడో చూడాలనిపించింది. బస్సెక్కి పోయాను.

మధ్యాహ్నం పూట. రేకుల ఇల్లు. నర్సన్న నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మీసాలు లేవు. రెండు చెవుల్లో దూది.

"నిద్ర పోడు వదినా" అంది అతని భార్య. "రొద అంటడు. వరంగల్ల చూపిచ్చినం. డాక్టరు తలకాయంత విన్నడు. ఏం లేదు, బాగనే ఉన్నవు పో అన్నడు. అందరు విన్నరు. ఎవలకూ వినపడ్తలేదు."

నర్సన్న దూది తీశాడు. "నువ్వు విను సుగుణా. ఆ సప్పుడు ఎరుకున్నది నీకే. ఉంటె ఉన్నదను, లేకుంటె లేదను."

నేను వంగి అతని కణతకు చెవి ఆనించాను.

చెమట వాసన. నెరిసిన వెంట్రుకలు గుచ్చుకున్నాయి. ఊపిరి బిగపట్టాను.

జూఁ... జూఁ...

డాక్టరుకు వినబడనిది. భార్యకు వినబడనిది. నా నాడే కావచ్చు. కోపం వస్తే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. కానీ అది నా నాడి కాదు. నాది వేగంగా ఉంది. అది నిదానంగా ఉంది.

"ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

అతను మొదటిసారి ఏడ్చాడు. నేను చెవి తీయలేదు. అతని మీద జాలి కూడా కలగలేదు. చెవి అక్కడే ఉంచి, నోటి నుంచి మా అవ్వ మాటే వచ్చింది. "చెప్పు ఇగ. ఎవలు కొట్టిండ్రు?"

"నేను కొట్టలే, సుగుణా."

ఆగింది.

నా చెవి కింద... ఆ చప్పుడు ఆగింది. ఆ రాత్రి లాగే. ఇక్కడ గొంగడి లేదు. అతని రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి. నావి మంచం పట్టె మీద ఉన్నాయి.

అతనికీ తెలిసింది. తల కదపకుండా, మెల్లగా అడిగాడు.

"ఆగింది గద?"

నేను చెవి తీశాను.

"ఆ పొద్దు కర్పూరం గురించి మాట్లాడుకున్నరు. పళ్లెం గురించి మాట్లాడుకున్నరు. ఒక్కటి అడగలే ఎవలు. ఆగితె నేను నిజం చెప్పినట్టా... అబద్ధం చెప్పినట్టా? ఎవలన్న ముందుగాల అనుకున్నరా సుగుణా?"

అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు. దేవుడి ముందు పెట్టినప్పుడు జవాబు ఎట్లా వస్తుందో ముందే ఎవరు అడుగుతారు? అవ్వకు కావలసిన జవాబు అవ్వ తీసుకుంది. నాకు కావలసినదీ అదే.

"మరి బాయి కాడ అంటివి గద... ఆ పొద్దు గూడ గిట్లనే అన్నదని. ఏ పొద్దు అది?" అని అడిగాను.

అతను దూది మళ్లీ చెవుల్లో పెట్టుకుంటున్నాడు. వినలేదో, వినదలచుకోలేదో.

సాయంత్రం బస్సుకు వచ్చేశాను. అవ్వ గడపలోనే ఉంది. "ఎట్లున్నడు?" అంది.

"రొద వినపడ్తాందట."

అవ్వ తల ఊపింది. అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది ఆ రాత్రి.

నర్సన్న మరుసటి వానాకాలం పోయాడు. చాలా రాత్రులు నేను అతనే కొట్టాడని నమ్మి నిద్రపోతాను. కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే దిండులో రొద మొదలవుతుంది. అది ఎవరి నాడో లెక్కపెట్టను.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి చేతా ప్రమాణం చేయించరు.